భూగర్భ జలాల లెక్క: కొలిచేదెవరు, తోడేదెవరు, ఆపేదెవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి దాటి మోటార్లు గాలి కొట్టడం మొదలయ్యాక అందరూ అడిగే ప్రశ్నలివి. అడగాల్సింది అక్టోబరులో, విత్తనం కొనకముందు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

భూమి లోపల నదులు పారుతుంటాయంటారు, నిజమేనా?

మన దగ్గర దాదాపుగా కాదు. బెలూం గుహల్లాంటి సున్నపురాతి ప్రాంతాలు కొన్ని ఉన్నాయి, అక్కడ రాయి కరిగి సొరంగాలు పడతాయి. తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో చాలా భాగం కింద ఉన్నది గ్రానైట్, దాని చుట్టపు రాళ్లు. నీళ్లు ఆ రాతిలో ఉండవు. రాయి లక్షల ఏళ్లుగా కుళ్లి మొరంగా మారిన పై పొరలో కొన్ని, దాని కింద రాతి పగుళ్లలో కొన్ని ఉంటాయి. మొరం పొర చాలాచోట్ల పది ఇరవై మీటర్లకు మించదు. పాతకాలపు మోట బావులన్నీ తాగింది ఈ పొర నీళ్లే.

ఇక్కడ ఒక అంకె గుర్తుపెట్టుకోండి, మిగతా జవాబులకు పనికొస్తుంది. ఘనపు మీటరు మొరం నిండా నీళ్లున్నాయనుకుంటే, అందులోంచి మన చేతికి వచ్చేది 15 నుంచి 30 లీటర్లు. అదే గంగా మైదానంలోని ఇసుక ఒండ్రు అయితే 160 లీటర్ల దాకా ఇస్తుంది, పైగా ఆ ఒండ్రు వందల మీటర్ల లోతు ఉంటుంది. పంజాబ్ రైతుకూ మహబూబ్‌నగర్ రైతుకూ ఇద్దరికీ బోరే ఉంటుంది, కానీ ఒకరిది గోలెం, ఇంకొకరిది చెంబు. గోలెం ఖాళీ అవడానికి దశాబ్దాలు పడుతుంది. చెంబు ప్రతి ఎండాకాలం ఖాళీ అవుతుంది, ప్రతి మంచి వానకూ నిండుతుంది. రెండింటికీ ఒకే మందు వేస్తే పనిచేయదు.

అయితే ఇంకా లోతుకు వేస్తే నీళ్లు పడవా?

పడొచ్చు. పగుళ్లు లోతుకు పోయేకొద్దీ తగ్గిపోతాయి. వంద మీటర్లు దాటాక దొరికే పగులు అదృష్టం కిందే లెక్క. దొరికినా ఆ పగుల్లోకి నీళ్లు వచ్చేది పై మొరం పొర నుంచే. పైన ఎండిపోతే కింద పగులు ఎన్నాళ్లో ఇవ్వదు. వెయ్యి అడుగుల బోరు కొత్త నీళ్లను పుట్టించదు, చాలాసార్లు పక్క పొలం 300 అడుగుల బోరుకు అందాల్సిన నీళ్లనే కిందనుంచి లాగేస్తుంది.

కొబ్బరికాయతో, వేప పుల్లతో పాయింటు చూసేవాళ్ల మాట నమ్మొచ్చా?

కొబ్బరికాయ అరచేతిలో లేచి నిలబడటానికీ కింద పగులు ఉండటానికీ సంబంధం ఉన్నట్టు సరైన పరీక్షల్లో తేలలేదు. అయినా పాయింటు చూసే పెద్దాయన మాట ఒక్కోసారి నిజమవుతుంది. ఆయనకు ఆ ఊరి వాగు, చెట్టు, పుట్ట, పాత బావులు అన్నీ తెలిసి ఉంటాయి, కాయకు తెలియదు గానీ ఆయన కళ్లకు తెలుసు. భూమిలోకి కరెంటు పంపి రాతి నిరోధకత కొలిచే సర్వేలో మొరం ఎంత లోతు ఉందో బాగా తెలుస్తుంది, సన్నటి పగులు మాత్రం దానికీ దొరక్కపోవచ్చు. గ్యారంటీ ఇచ్చేవాడు ఎవరైనా సరే, నా సలహా ఒక అడుగు వెనక్కి వేయమనే.

దేశంలో నీటిమట్టం ఎవరు కొలుస్తారు?

కేంద్ర భూగర్భ జల మండలి ఉంది. 1970లో ఏర్పడింది, కేంద్ర కార్యాలయం ఫరీదాబాద్‌లో, ఇప్పుడు జలశక్తి మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తోంది. దేశమంతటా వేలాది పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది: జనవరి, వేసవి, ఆగస్టు, నవంబరు. ఈ నాలుగింటిలో రైతుకు కీలకమైనవి రెండు. వేసవి కొలత అడుగు ఎక్కడుందో చెబుతుంది, నవంబరు కొలత వాన ఎంత నింపిందో చెబుతుంది.

దీనికి తోడు చాలా రాష్ట్రాలకు సొంత భూగర్భ జల శాఖ ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాఖలు ప్రతి నెలా కొలుస్తాయి. 2022లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ‘జల్‌దూత్’ అనే యాప్ తెచ్చింది. ఊరికి రెండు మూడు బావులు ఎంచుకుని మేలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొలిచి అందులో ఎక్కించాలని ఏర్పాటు.

పీజోమీటరు అంటే ఏమిటి? మామూలు బోరులో కొలిస్తే సరిపోదా?

పీజోమీటరు అంటే నీళ్లు తోడని బోరు. కొలవడానికే వేసింది. పాఠశాల ఆవరణలోనో, పంచాయతీ కార్యాలయం వెనకో మూతకు తాళం వేసిన సన్నటి ఇనుప గొట్టం కనిపిస్తే అది చాలావరకు ఇదే. మోటారు నడిచే బోరులో కొలిస్తే ఆ మోటారు లాగిన గుంత లోతు వస్తుందే తప్ప చుట్టుపక్కల మట్టం రాదు.

మునుపు ఒక ఉద్యోగి టేపు పట్టుకుని తిరిగి కొలిచేవాడు. ఇప్పుడు గొట్టంలోకి ఒక పీడన సెన్సరు వదులుతున్నారు. దాని మీద నీళ్లు ఎంత బరువు మోపుతున్నాయో చూసి మట్టం లెక్కగట్టి, సిమ్ ద్వారా సర్వరుకు పంపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ వెయ్యికి పైగా పీజోమీటర్లకు ఇలాంటివి అమర్చి, దేశంలో ఈ పని ముందుగా చేసిన రాష్ట్రాల్లో నిలిచింది. కొలతల విషయంలో ఇప్పుడు మనకు పెద్ద లోటేమీ లేదు. కొలిచిన అంకె ఎవరి చేతికి, ఎప్పుడు చేరుతోంది అన్నదే నా ఫిర్యాదు.

మా బోరు 600 అడుగులు, మోటారు 450 దగ్గర దించాం. మా మండలంలో నీటిమట్టం 40 అడుగులే అని పేపర్లో వేశారు. అబద్ధమేగా?

ఈ ప్రశ్న వినని భూగర్భ జల ఉద్యోగి ఉండడు. అబద్ధం కాదు, కానీ ఆ అంకెలో మీ కథ లేదు.

పేపర్లో వచ్చేది నీళ్లు ఎంత లోతులో నిలబడ్డాయన్నది. మీరు చెప్పేది బోరు ఎంత లోతుందన్నది. మీ బోరులోనే తెల్లారుజామున, మోటారు వేయకముందు, నీళ్లు 60 అడుగుల దాకా లేచి ఉండొచ్చు. మోటారు వేసిన అరగంటకు 450కి పడిపోతాయి. పగులు సన్నది, మోటారు లాగే వేగానికి అది ఇవ్వలేదు. దాన్నే మనం ‘గ్యాప్ ఇస్తోంది’ అంటాం. రెండో సంగతి, మండలం సగటు అంటే ఆ మండలంలోని కొద్ది పీజోమీటర్ల సగటు. అందులో ఒకటి చెరువు కింద ఉంటే, ఇంకొకటి గుట్ట పక్కన ఉంటే, సగటు ఆ రెండింటికీ చెందదు. గ్రానైట్ నేలలో వంద మీటర్ల దూరంలోనే కథ మారిపోతుంది. ఊరికి ఒకటైనా పీజోమీటరు ఉండాలని ఎప్పటినుంచో అడుగుతున్నది ఇందుకే.

దేశమంతా కలిపి ఎన్ని నీళ్లున్నాయో ఎలా లెక్కిస్తారు? భూమిని తవ్వి చూడలేరు కదా?

పద్ధతి వినడానికి సులువు. వానాకాలానికి ముందు మట్టం ఎక్కడుంది, తర్వాత ఎక్కడికి లేచింది. ఆ లేచిన ఎత్తును విస్తీర్ణంతో, పైన చెప్పిన ‘మొరం ఇచ్చే నీళ్ల శాతం’తో గుణిస్తారు.

ఉదాహరణకు వంద చదరపు కిలోమీటర్ల మండలంలో వానకు మట్టం 5 మీటర్లు లేచిందనుకోండి. మొరం ఇచ్చేది 2 శాతం. గుణిస్తే కోటి ఘనపు మీటర్లు, అంటే 0.35 టీఎంసీ. అయిదు మీటర్లు లేచిందని వింటే చెరువు నిండినంత సంబరం వేస్తుంది, చేతికి వచ్చేది మూడో వంతు టీఎంసీ. దీనికి కాలువల ఊట, చెరువుల ఊట, పొలం నుంచి తిరిగి ఇంకేది కలుపుతారు. వాన లెక్క మీద సరిచూసుకుంటారు కూడా: పడిన వానలో గంగా మైదానపు ఒండ్రులో 22 శాతం దాకా ఇంకుతుందని, గ్రానైట్ నేలల్లో 8 నుంచి 11 శాతమని ప్రామాణికంగా తీసుకుంటారు. ఈ పద్ధతికి 1984, 1997, 2015 కమిటీలు మెరుగులు దిద్దాయి. లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ ‘ఇన్‌గ్రెస్’ను కేంద్ర మండలితో కలిసి తయారుచేసింది ఐఐటీ హైదరాబాద్.

2024 లెక్క ప్రకారం దేశంలో ఏటా ఇంకేది 446.90 బిలియన్ ఘనపు మీటర్లు. కొంత నదులకు వదిలేయాలి, ఎండాకాలం వాగుల్లో పారేది ఆ ఊటే. అది పోగా తోడుకోదగ్గది 406.19. తోడినది 245.64, అంటే 60.47 శాతం. మన భాషలో చెప్పాలంటే తోడినది సుమారు 8,670 టీఎంసీలు. నాగార్జున సాగర్ ఇప్పటి సామర్థ్యం 312 టీఎంసీలు, అలాంటివి 27 సాగర్ల పైచిలుకు నీళ్లు ఏటా భూమిలోంచి పైకి తీస్తున్నాం. ప్రపంచంలో ఇంకే దేశమూ ఇంత తోడదు. అందులో 87 శాతం పొలాలకే.

సురక్షితం, క్రిటికల్ అంటారే, ఆ ముద్రలు ఎలా వేస్తారు?

ఏటా తోడుకోదగ్గ దానిలో 70 శాతం లోపు తోడితే సురక్షితం, 70 నుంచి 90 అయితే సెమీ క్రిటికల్, 90 నుంచి 100 క్రిటికల్, వంద దాటితే అధిక వినియోగం. ముద్ర పడేది ఎక్కడో బ్లాకుకు, ఎక్కడో తాలూకాకు, మన రెండు రాష్ట్రాల్లో మండలానికి. 2024లో లెక్కించిన 6,746 యూనిట్లలో 4,951 సురక్షితం, 711 సెమీ క్రిటికల్, 206 క్రిటికల్, 751 అధిక వినియోగం. మిగిలిన 127 చోట్ల నీళ్లున్నా ఉప్పు.

ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు కూడా తోడటం లేదట, తెలంగాణలో సగం లోపేనట. మరి అనంతపురంలో బోర్లు ఎందుకు ఎండుతున్నాయి?

డెల్టాలో కాలువల కింద భూమి నిండుగా ఉంది. కొన్నిచోట్ల ఎక్కువై మురుగు కూడా. అక్కడ బోరు అవసరం తక్కువ, కాలువ ఊటేమో ఎక్కువ. ఆ మిగులంతా రాష్ట్ర సగటులోకి వచ్చి కూర్చుంటుంది. గోదావరి గట్టు కింద ఇంకిన నీళ్లు కళ్యాణదుర్గం దానిమ్మ తోటకు నడిచి రావు. రాష్ట్రం అంకె మంత్రులు ప్రసంగంలో చదువుకోవడానికి బాగుంటుంది, బోరు వేసే రైతుకు మండలం అంకె కూడా ముతకే.

ఉపగ్రహం నుంచి భూమిలోని నీళ్లు కనబడతాయా?

కనబడవు, తూగుతాయి. 2002 మార్చిలో ‘గ్రేస్’ అని జంట ఉపగ్రహాలు ఎగిరాయి. ఒకదాని వెనక ఒకటి పోతూ, కింద బరువు ఎక్కువున్న చోట వాటి మధ్య దూరం వెంట్రుకవాసి మారుతుంది. నీళ్లు పోతే బరువు తగ్గుతుంది, ఆ తేడాను పట్టుకుంటాయి. రాజస్థాన్, పంజాబ్, హరియాణాల కింద 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని 2009లో ఈ లెక్కల మీదే బయటపడింది. మన కొలతలో 3,800 టీఎంసీల పైమాటే. అయితే ఈ తూకం లక్షల చదరపు కిలోమీటర్లకు పనికొస్తుంది, మీ ఊరికి కాదు.

దగ్గరినుంచి చూడటానికి హెలికాప్టర్ సర్వేలు వచ్చాయి. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ పని చేస్తోంది, 2021లో వాయవ్య భారతంలోని ఎడారి ప్రాంతాలతో మొదలుపెట్టారు. హెలికాప్టర్ కింద వేలాడే పెద్ద చట్రం భూమిలోకి విద్యుదయస్కాంత తరంగాలు పంపి, ఏ పొరలో నీళ్లు నిలిచే వీలుందో పటం గీస్తుంది.

నా పొలం కింద నీళ్లు నావే కదా?

చట్టం ఇప్పటికీ దాదాపు అలాగే అంటుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, నిర్దిష్టమైన కాలువగా పారని భూగర్భ జలాన్ని తన భూమి హద్దుల్లో తీసుకునే హక్కు భూయజమానికి ఉందని ఉదాహరణగా చెప్పింది. మోట, ఏతాం రోజుల్లో రాసిన మాట. ఎద్దులు లాగినంత కాలం పక్కవాడికి నష్టం లేదు. సబ్‌మెర్సిబుల్ వచ్చాక ఆ మాటకు అర్థం మారిపోయింది, చట్టం మారలేదు. మీ గట్టు నేల పైనే ఉంది, కింద ఎవరూ గట్టు వేయలేదు.

భూమి లేనివాడి సంగతి ఈ చట్టం అడగలేదు. ఊరి చేతిపంపు ఎండిపోతే కౌలు రైతూ కూలీ బిందె పట్టుకుని ఎవరి బోరు దగ్గర నిలబడాలో అది చెప్పదు.

మరి కేంద్రం ఒకే చట్టం తెచ్చి ఆపేయొచ్చు కదా?

రాజ్యాంగంలో నీళ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. కేంద్రం నమూనా బిల్లు పంపగలదు, 1970 నుంచి పంపుతూనే ఉంది. సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత 1997లో పర్యావరణ చట్టం కింద కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థను పెట్టారు. సొంత ఏర్పాటు లేని రాష్ట్రాల్లో పరిశ్రమలు, గనులు, పెద్ద అపార్టుమెంట్లు నీళ్లు తోడటానికి నిరభ్యంతర పత్రం ఇచ్చేది, మీటరు పెట్టించేది, రుసుము వసూలు చేసేది అదే. 2020 సెప్టెంబరు మార్గదర్శకాల్లో వ్యవసాయానికి మినహాయింపు ఇచ్చారు. 87 శాతం తోడే చోట అదుపు లేదు, మిగిలిన 13 శాతంలో కొంతదాని దగ్గరే మీటరు ఉంది. రాజకీయంగా అర్థమవుతుంది, లెక్క ప్రకారం మాత్రం కాదు.

బోరు వేయాలంటే అనుమతి కావాలా?

కావాలి. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టాన్నే అందరూ ‘వాల్టా’ అంటారు. రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా అమల్లో ఉంది. తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాలి, భూగర్భ జల శాఖ చూసి వీలుందో లేదో చెబుతుంది. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదు. రిగ్గు బండ్లు రిజిస్టరు చేయించుకోవాలి. అధిక వినియోగ గ్రామాలుగా ప్రకటించిన చోట తాగునీటికి తప్ప కొత్త బోరు కూడదు.

కాగితం మీద ఇది దేశంలోని మంచి చట్టాల్లో ఒకటి. నేల మీద జరిగేది మీకు తెలియంది కాదు: రాత్రి పదింటికి బండి వస్తుంది, తెల్లారేసరికి తెల్లటి రాతిపొడి కుప్ప మాత్రం మిగులుతుంది. అయినా అనుమతి తీసుకోండి. తర్వాత పక్కవాడు మీ బోరు పక్కనే వేస్తే ఫిర్యాదు చేయడానికి చేతిలో ఉండేది ఆ కాగితమే.

తప్పంతా ఉచిత కరెంటుదేనా?

సగం నిజం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇచ్చారు. బిల్లు లేనప్పుడు మోటారు ఆపే కారణం ఉండదు, ఆటో స్టార్టరు ఉంటే ఆపే మనిషే ఉండడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే మొదలవుతుంది, మడి నిండినా పారుతూనే ఉంటుంది. 24 గంటలు ఇచ్చినప్పుడు ఆ స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను బతిమాలింది.

కానీ రాతి నేలలో మోటారును ఆపేది బిల్లు కంటే ముందు బోరే. నీళ్లు అయిపోతే ఆగిపోతుంది. ఇక్కడ రైతును ముంచిన ఖర్చు కరెంటుది కాదు, ఒకటి ఎండితే ఇంకొకటి అంటూ అప్పు చేసి వేసిన బోర్లది. పంజాబ్‌లో కథ వేరే. ఒండ్రు లోతుగా ఉంది కాబట్టి కరెంటు ఉన్నంతసేపూ నీళ్లు వస్తాయి, అక్కడ ఇంకే దానికంటే ఒకటిన్నర రెట్లు తోడుతున్నారు. 2009లో చట్టం తెచ్చి జూన్ 10 లోపు నాట్లు వేయకూడదన్నారు, మండే ఎండలో మడి నీళ్లు ఆవిరైపోకుండా. ఉద్దేశం మంచిదే. నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరిగాయి, గోధుమ వేయడానికి రోజులు చాలక గడ్డి తగలబెట్టడం నవంబరు ముంగిట్లోకి వచ్చిపడింది, ఢిల్లీ పొగలో దానికీ వాటా ఉంది. గుజరాత్ 2003 నుంచి ‘జ్యోతిగ్రామ్’ పేరుతో పొలాల లైను వేరు, ఇళ్ల లైను వేరు చేసి, పొలానికి ఎనిమిది గంటలు మంచి కరెంటు ఇచ్చింది. ఉచితం జోలికి పోకుండానే తోడకానికి హద్దు గీసే మార్గం అది.

వరి నిజంగా అంత తాగుతుందా?

లెక్క వేద్దాం. యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడతాం. ఎకరానికి 48 లక్షల లీటర్లకు పైనే. 600 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో అందులో 10 శాతం ఇంకితే 60 మిల్లీమీటర్లు, ఎకరానికి 2.4 లక్షల లీటర్లు. భాగిస్తే ఇరవై వస్తుంది. బోరు కింద ఒక ఎకరం యాసంగి వరి, ఇరవై ఎకరాల మీద ఇంకిన వానను తాగుతుంది. మడి నుంచి మూడో వంతు తిరిగి ఇంకిందనుకున్నా పదమూడు ఎకరాలు. అదే వేరుశనగకు 500 మిల్లీమీటర్లు చాలు, అంటే ఎనిమిది ఎకరాలు.

ఇప్పుడు మీ ఊరి విస్తీర్ణం తీసుకుని ఇరవైతో భాగించి చూడండి. తాగునీళ్లు, పశువులు, తోటలు పక్కన పెట్టినా ఊరు మొత్తం మీద ఎన్ని ఎకరాల వరికి నీళ్లున్నాయో వస్తుంది. చెరువు ఉంటే ఆ అంకె పెరుగుతుంది. నాకు తెలిసిన ఊళ్లలో ఆ అంకెకూ, ఫిబ్రవరిలో పచ్చగా కనిపించే మడులకూ పొంతన ఉండదు.

డ్రిప్ పెట్టుకుంటే సమస్య తీరినట్టేనా?

ఎకరానికి నీళ్లు ఆదా అవుతాయి, అనుమానం లేదు. ఉమ్మడి రాష్ట్రం 2003లోనే సూక్ష్మ సేద్యానికి ప్రత్యేక ప్రాజెక్టు పెట్టింది. చిక్కేమిటంటే రెండెకరాల నీళ్లు మిగిలాయి కదా అని ఇంకో రెండెకరాలు సాగులోకి తెస్తాం. రైతు ఆదాయం పెరుగుతుంది, సంతోషమే. బోరు మాత్రం అంతే నడుస్తుంది, పైగా మడి నుంచి తిరిగి ఇంకేదీ ఉండదు.

రైతులే కొలిచి, రైతులే లెక్కేసుకున్న చోటు ఎక్కడైనా ఉందా?

ఉంది, అదీ మన దగ్గరే. 2003 తర్వాత అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఈ ఏడు జిల్లాల్లో ఆరు వందలకు పైగా గ్రామాల్లో ‘రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థలు’ అనే ప్రాజెక్టు నడిచింది. నెదర్లాండ్స్ డబ్బు ఇచ్చింది, తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ చేతుల మీదుగా సాగింది. ఆడా మగా రైతులు వానమాపకం చదివారు, పరిశీలక బావుల్లో మట్టం కొలిచారు, మోటారు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో డ్రమ్ము పెట్టి లెక్కగట్టారు. ఊరి గోడ మీద రాశారు.

అసలు ఘట్టం అక్టోబరులో. వానాకాలం లెక్క ముగిశాక ఊరంతా కూర్చునేవారు. పడిన వానలో ఇంత ఇంకింది, మీరందరూ వేద్దామనుకున్న పంటలకు ఇంత కావాలి, తేడా ఇది. ఆ తర్వాత ఎవరినీ ఏ పంటా వేయొద్దనలేదు. జరిమానా లేదు, తీర్మానం లేదు. లోటు కళ్లముందు పెట్టి ఎవరి నిర్ణయం వారికి వదిలేశారు. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు, ఇంకొకరి మేలు కోసం కాదు, మార్చిలో తన పంటే ఎండుతుందని ముందే తెలిసినందుకు. భూగర్భ జలాల చర్చల్లో ప్రపంచమంతా ఈ ప్రయోగాన్ని ఉదాహరిస్తుంది. ప్రాజెక్టు అయిపోయాక చాలా ఊళ్లలో కొలతలు ఆగిపోయాయి. టేపూ డ్రమ్మూ పెద్ద ఖర్చు కాదు, ఆ సమావేశం పిలిచే మనిషికి జీతం ఇచ్చేవాళ్లు లేకపోయారు.

మహారాష్ట్రలోని హివరే బజార్ ఇంకో దారి పట్టింది. ఏటా నీటి లెక్క వేస్తారు, సాగుకు బోర్లు వద్దని, చెరకు వద్దని ఊరే కట్టుబాటు పెట్టుకుంది. అలాంటి కట్టుబాటు నిలవాలంటే గట్టి నాయకత్వం కావాలి, అది ప్రతి ఊళ్లో దొరకదు. 2019 డిసెంబరు 25న కేంద్రం ప్రపంచ బ్యాంకుతో కలిసి 6,000 కోట్లతో మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజనలోనూ గ్రామ స్థాయి నీటి బడ్జెటే ఆయువుపట్టు. గుజరాత్, హరియాణా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ అందులో ఉన్నాయి. ఆ ఆలోచనను ముందుగా వందల ఊళ్లలో చేసి చూపించిన తెలుగు రాష్ట్రాలు ఆ జాబితాలో లేవు.

ఇంకుడు గుంతలు, చెక్‌డ్యాంలు, చెరువుల పూడికతీత ఎంత పనికొస్తాయి?

చెరువు చాలా. కాకతీయుల కాలం నుంచి మన నేలకు కుదిరిన ఏర్పాటు అది: గొలుసుగా కట్టిన చెరువులు, పైదాని అలుగు కిందిదాన్ని నింపుతుంది. చెరువు కింది బావులు ఎండకపోవడం మన తాతలకు తెలుసు. 2015లో తెలంగాణలో చెరువుల మరమ్మతుకు మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకున్నారు. పూడిక తీసేటప్పుడు అడుగున ఒండ్రుమట్టి పలచబడితే ఇంకుడు కూడా పెరుగుతుంది.

చెక్‌డ్యాంలకు ఒక హద్దుంది. ఒకే వాగు మీద అయిదు కడితే, కింది రెండింటికి మంచి వాన ఏడాదిలో తప్ప నీళ్లు రావు. నీళ్లు పెరగలేదు, ఆగే చోటు మారిందంతే.

ఇంటి ఇంకుడు గుంత విషయానికొస్తే, వంద చదరపు మీటర్ల డాబా మీద 800 మిల్లీమీటర్ల వానలో 80 శాతం పట్టుకున్నా ఏడాదికి 64 వేల లీటర్లు. నగరంలో ఒక కుటుంబానికి కొన్ని నెలల వాడకం. కానీ కంకరా ఇసుకా మూడు నాలుగేళ్లకోసారి తీసి కడగాలి. బిల్లు కోసం తవ్వి ఫొటో తీసి వదిలేసిన గుంత దోమలకే ఉపయోగం.

మా బోరు నీళ్లు తాగొచ్చా?

పరీక్ష చేయించకుండా వద్దు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు. నైట్రేట్ 45 దాటకూడదు. పొలం ఎరువులు, మరుగుదొడ్ల గుంతలు నైట్రేటును పెంచుతాయి.

ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొట్టమొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో వంకర తిరిగిన కాళ్లు దేశం చూసింది ఆ తర్వాత. గ్రానైట్‌లోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది, నీళ్లు రాతితో ఎంత ఎక్కువకాలం ఉంటే అంత కరుగుతుంది. లోతు బోరు నీళ్లు పాత నీళ్లు, అందుకే చాలాచోట్ల బావి కంటే బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ. మట్టం పడిపోవడం, నీళ్లు చెడిపోవడం రెండు వేర్వేరు జబ్బులు కావు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. పటికా సున్నంతో తొలగించే ‘నల్లగొండ పద్ధతి’ ప్రపంచమంతటా ఆ జిల్లా పేరుతోనే చలామణి అవుతోంది. అసలు పరిష్కారం బయటినుంచి మంచి నదీ జలం తేవడమే అయింది.

తీరంలో బోర్లు ఉప్పగా ఎందుకు మారతాయి?

మంచినీళ్లు ఉప్పునీటి కంటే తేలిక, దాని మీద తేలుతూ ఉంటాయి. సముద్ర మట్టానికి పైన మంచినీళ్లు ఒక మీటరు ఉంటే కింద సుమారు 40 మీటర్ల మంచినీళ్లు నిలుస్తాయని ఒక మోటు సూత్రం ఉంది. తిరగేసి చదవండి: పైన ఒక మీటరు తోడేస్తే కింద నుంచి ఉప్పు 40 మీటర్లు లేస్తుంది. ఇసుక దిబ్బల ఊళ్లలో చేతిపంపు తియ్యగా ఇచ్చేది ఇందుకే, అక్కడే లోతు బోరు వేస్తే ఉప్పు తగిలేదీ ఇందుకే. ఒకసారి ఎక్కిన ఉప్పు దిగడానికి ఏళ్లు పడుతుంది.

మా ఊరి మట్టం నేనే కొలవొచ్చా? ఎలా?

కొలవొచ్చు, శాఖ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఊళ్లో వాడకం మానేసిన బోరో, పాత బావో ఒకటి ఎంచుకోండి. బావికైతే రాయి కట్టిన టేపు చాలు. బోరుకైతే నీళ్లు తగలగానే కూత పెట్టే సౌండరు దొరుకుతుంది. తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటార్లు మొదలవకముందు కొలవండి. కేసింగ్ అంచు మీద రంగుతో ఒక గీత పెట్టి ప్రతిసారీ అక్కడినుంచే చూడండి, లేకపోతే ఈసారి నేల నుంచి, ఇంకోసారి గొట్టం అంచు నుంచి కొలిచి అడుగున్నర తేడా తెచ్చుకుంటారు. నెలకోసారి, ఒకే తేదీన. పక్కన ఆ నెల వాన కూడా రాయండి. మీ మండలం అంకెలు రాష్ట్ర భూగర్భ జల శాఖ వెబ్‌సైటులో, దేశం లెక్కలు ఇన్‌గ్రెస్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

రెండేళ్ల అంకెలు చేతికి వచ్చాక మే నెల లోతు, నవంబరు లోతు పక్కపక్కన పెట్టి ఊళ్లో పదిమందికి చూపించండి. అక్టోబరు చివర్లో, విత్తనాల కొట్టుకు వెళ్లే ముందు.